గంట కొట్టే మనిషి కోసం హైదరాబాదు

మా నాయనమ్మ జన్మకి ఒక్కసారే హైదరాబాదు వెళ్ళింది. అందరూ చార్మినార్ కోసం, గోల్కొండ కోసం వెళితే ఆమె ఒక గడియారం కోసం వెళ్ళింది. ఆ గడియారంలో ఉండే మనిషిని చూడటానికి అంటే ఇంకా సరిగ్గా ఉంటుంది.

ఎనభైల్లో సంగతి. మాది సత్తెనపల్లి దగ్గర పల్లె. ఒక పక్క పత్తి, ఒక పక్క మిరప, మధ్యలో మేము. నాయనమ్మ మిరపకోతల ముఠాకి పెద్ద. చేయి తిరిగిన ఆడవాళ్ళు పదిమంది దాకా ఆమె మాట మీద నడిచేవాళ్ళు. నేను ఆ ఏడు టెన్త్ తప్పాను. "పుస్తకం ముందు వంగలేదు, ఇక చెట్టు ముందన్నా వంగవే" అని నాయనమ్మ నాకూ ఒక సాలు అప్పగించింది. అలా నేనూ ముఠాలో మనిషినయ్యాను.

మిరపతోటలో మాకొక పద్ధతి ఉంది. తలా ఒక సాలు పట్టుకుని కోసుకుంటూ పోతాం. ఒక్క పండుకాయ కూడా వదలకూడదు. ఎవరైనా వెనకబడితే, ముందు గట్టు చేరినవాళ్ళు ఊరికే కూర్చోరు. ఆమె సాలుని అవతలి చివర అందుకుని కోసుకుంటూ ఎదురొస్తారు. దాన్ని ఎదురుసాలు పట్టడం అనేవాళ్ళం. అందరి సాళ్ళూ అయ్యాక అందరూ కలిసే గట్టెక్కాలి. ఒకతె గట్టున కూర్చుని ఇంకొకతె చేలో వంగి ఉండటం మా నాయనమ్మ బతికుండగా జరగలేదు.

పని దగ్గర ఎప్పుడూ ఒక్కటే తగాదా, టైము. ముఠాలో ఎవరికీ గడియారం లేదు. ఆసామి చేతికి ఒకటి ఉండేది. అది చిత్రమైన గడియారం. పొద్దున పనికి దిగేటప్పుడు ముందుకి పరిగెత్తేది, సాయంత్రం పని చాలించేటప్పుడు చతికిలబడేది. పొద్దు కుంకి పిట్టలు గూళ్ళకి చేరుతున్నా "ఇంకా అయిదు కాలేదమ్మా" అనేవాడు ఆ మహానుభావుడు. "నీ గడియారానికి కూడా నువ్వే మేత వేస్తున్నావా అయ్యా, నీ మాటే వింటది?" అని నాయనమ్మ చేలో నుంచే అరిచేది. ఆమె గొంతుకి పక్క చేలో వాళ్ళు కూడా లేచి నుంచునేవాళ్ళు.

రోజు మొత్తంలో తగాదా లేని టైము ఒక్కటే, మధ్యాహ్నం పన్నెండు. మా ఊరి చర్చిలో రోజూ సరిగ్గా ఆ వేళకి గంట కొట్టేవాళ్ళు. ఆ గంట చేల మీదుగా వినపడగానే ముఠా అంతా ఎక్కడివాళ్ళక్కడ నడుం ఎత్తేది. తలల మీదకి పమిటలు వచ్చేవి, కళ్ళు మూతపడేవి. "తండ్రీ, తినబోయే ఈ అన్నాన్ని దీవించు" అని నాయనమ్మ మొదలుపెట్టేది. మా ముఠా అంతా చర్చికి వెళ్ళేవాళ్ళమే. ఆమె ఆమేన్ అనేదాకా సద్ది విప్పడానికి లేదు. చిన్నప్పటి నుంచీ ఆ గంటకి అలవాటుపడి, గంట మోగితే ఆమె కళ్ళు వాటంతటవే మూతపడేవి. కల్లంలో కాయలు ఆరబోస్తున్నా సరే, ఎవరినో తిడుతున్నా సరే. తిట్టు సగంలో ఆపి ప్రార్థన చేసి, మిగతా సగం ఆమేన్ తర్వాత పూర్తిచేసేది.

నాకు మాత్రం ఆ ప్రార్థనలో కళ్ళు మూసుకోవడం చేతకాలేదు. అందరూ కళ్ళు మూసుకుంటే లోకం ఎలా ఉంటుందో చూడాలనిపించేది. కాకి వచ్చి సద్దిమూటల చుట్టూ తిరగడం, గుడ్డ ఊయల్లో పసిపిల్ల కాళ్ళాడించడం, అన్నీ నేనే చూసేదాన్ని. నాయనమ్మకి ఎలా తెలిసేదో తెలిసిపోయేది. ఆమేన్ అవగానే చెవి మెలిపెట్టేది. ఆ వేళ్ళకి పొద్దుటి నుంచీ పట్టిన మిరప ఘాటు ఉంటుంది కదా, సాయంత్రం దాకా చెవి భగభగమనేది.

ఇలా ఉండగా ఒక ఆదివారం మా పాస్టరమ్మ, అంటే పాస్టరు గారి భార్య, హైదరాబాదు నుంచి వచ్చి స్త్రీల కూటంలో ఆ ముచ్చట చెప్పింది. అక్కడ నవాబుల సొత్తు పెట్టిన మ్యూజియం ఒకటి ఉందట. అందులో ఒక గడియారం ఉందట. గంట గంటకీ దానిలో చిన్న తలుపు తెరుచుకుని, గడ్డం ఉన్న చిన్న మనిషి బయటికొచ్చి, ఎన్ని గంటలైతే అన్ని దెబ్బలు కొట్టి లోపలికి వెళ్ళిపోతాడట. ఒక దెబ్బ ఎక్కువ ఉండదు, ఒక దెబ్బ తక్కువ ఉండదు.

నాయనమ్మ ఆ పూట ప్రసంగం సంగతి మర్చిపోయింది. ఇంటికొచ్చి అన్నం ముందు కూర్చుని, "ఎవరూ చెప్పకుండా వస్తాడంట కదే?" అంది. ముద్ద కలుపుతూ, "ఎవరి మొహమూ చూడకుండా కొడతాడంట కదే?" అంది. చెయ్యి కడుక్కుంటూ, "వాణ్ణి ఒక్కసారి చూడాలే" అంది. 

ఆ ఏడుతో కోతలు మానేస్తానని అప్పటికే చెప్పేసింది. మోకాళ్ళు మొరాయిస్తున్నాయి. కూర్చుంటే లేవనివ్వవు, లేస్తే కూర్చోనివ్వవు. "చివరి కోత కాగానే వాణ్ణి చూసొస్తా. ఆసామి గడియారంతో ఇన్నేళ్ళు కొట్లాడాను. నిజంగా టైము ప్రకారం పనికి దిగేవాడు లోకంలో ఒక్కడన్నా ఉన్నాడని చూసుకుని, ముఠా మీ చేతుల్లో పెట్టి మూల కూర్చుంటా" అంది. ముఠాలో ఆమె తర్వాత పెద్దది మా మేనత్త. "నువ్వెళితే మేము రామా? మాకు మాత్రం హైదరాబాదు చేదా?" అంది మేనత్త. అలా ఒక్క ముసలామె మొక్కు ముఠా మొత్తానికి చుట్టుకుంది.

చార్జీల మాట రాగానే సగం మంది నీరుగారిపోయారు. అప్పుడు నాయనమ్మకే ఆలోచన తట్టింది. ఆసామి కాయలు లారీకెత్తి హైదరాబాదు బేగంబజారుకి పంపుతున్నాడు. డ్రైవరు మా పక్క ఊరివాడు. నాయనమ్మ అతన్ని నిలేసింది. "కోసింది మేమేగా, ఎండబెట్టింది మేమేగా, తొక్కి నింపింది మేమేగా. దాని మీద కూర్చోటానికి మాకు చార్జీ ఏందిరా?" అతను కాసేపు నెత్తి గోక్కుని, "సరే మామ్మా, కానీ కిందపడితే నాకు సంబంధం లేదు. శనివారం తిరుగులోడుతో వచ్చేస్తా, మీరు వేళకి రాకపోతే అక్కడే ఉంటారు" అన్నాడు.

రోజు ఎంచింది కూడా ఆమే. చాలా తెలివిగా ఎంచాననుకుంది. ఆదివారం చర్చి మానడానికి వీల్లేదు. ఆదివారం ఊళ్ళో బడి ఉండదు, ఆఫీసు ఉండదు, కాబట్టి మ్యూజియం కూడా ఉండదు. అందుకని శుక్రవారం పొద్దునకి అక్కడ దిగి, ముందు గడియారం చూసి, శనివారం తిరుగు లారీ ఎక్కేస్తే ఆదివారం ఆరాధనకి అందుకుంటాం. ఈ లెక్క విని పాస్టరమ్మ కూడా మెచ్చుకుంది. వారానికి సెలవు ఒక్కటే రోజని మా ఊళ్ళో అందరి నమ్మకం.

మిరపకాయ బస్తాలని మా దగ్గర టిక్కీలంటారు. టిక్కీల మీద హైదరాబాదు ప్రయాణం అంటే మాటలు కాదు. లారీ గోతిలో పడ్డప్పుడల్లా కిందనుంచి ఘాటు లేస్తుంది. ఒకరు తుమ్మితే అది వరసగా చివరిదాకా పాకుతుంది. మాచర్ల దాటేసరికి తుమ్ములు అయిపోయి నవ్వులు మొదలయ్యాయి. నాగార్జునసాగర్ కట్ట కనపడగానే "అదే హైదరాబాదా?" అని మా మేనత్త లేచి నుంచుంది. నేను చదువుకున్నదాన్ని కాబట్టి కాదని చెప్పాను. టెన్త్ తప్పినదాని మాటెవరు వింటారు, డ్రైవరు కూడా కాదన్నాక కూర్చుంది.

శుక్రవారం పొద్దున్నే బేగంబజారులో షావుకారు గోడౌన్ దగ్గర దిగి, మొహాలు కడుక్కుని, మూసీ వంతెన దాటి మ్యూజియానికి నడిచాం. నాయనమ్మ పెట్టెలో దాచిన తెల్లచీర కట్టింది. మోకాళ్ళ సంగతి ఎవరూ గుర్తుచేయలేదు, ఆమెకీ గుర్తు లేదు. మ్యూజియం గేటు దగ్గర తాళం, తాళం ముందు వాచ్‌మన్.

"ఇయ్యాల శుక్రవారం గద అమ్మా, బంద్ ఉంటది. రేపు రండ్రి" అన్నాడు.

"శుక్రవారమేంటయ్యా? సెలవు ఆదివారం కదా!" అంది నాయనమ్మ.

"ఆదివారం తెరిచే ఉంటది. శుక్రవారమే బంద్."

నాయనమ్మ అతని మొహం వైపు, తాళం వైపు మార్చి మార్చి చూసింది. అంత చిన్నగా ఆమె నాకెప్పుడూ కనపడలేదు. ముఠాలో ఎవరూ నవ్వలేదు. మా మేనత్తే ముందు తేరుకుని, "రేపు రమ్మన్నాడుగా. గడియారం ఎక్కడికి పోద్ది, కాళ్ళున్నాయా దానికి? పదండి, ఈ పూట చార్మినార్ చూద్దాం" అని ఆమె చేయి పట్టుకుంది.

గోల్కొండ వెళ్దామని ఒకరన్నారు. సిటీబస్సు చార్జీ విన్నాక ఆ మాట ఎత్తినవాళ్ళే, "కోటంటే కొండేగా, మనకి కొండవీడు లేదా ఏంటి?" అనేశారు. చార్మినార్‌కి నడిచిపోయాం. డబ్బుల్లేని యాత్రలో ఉన్న సుఖం ఇదే, ఊరంతా కాళ్ళకి తగులుతుంది. పక్కన గాజుల దుకాణాలు. ఒక్కొక్క దుకాణం ముందూ ముఠా అంతా ఆగడం, నచ్చిన గాజులన్నీ చేతికి తొడిగించుకుని తిప్పి తిప్పి చూసుకోవడం, తీసిచ్చేసి పక్క దుకాణానికి నడవడం. నాలుగో దుకాణానికి మా కీర్తి ముందే పాకింది. మమ్మల్ని చూడగానే ఆ షాపతను గాజుల డబ్బాకి మూత పెట్టాడు.

చార్మినార్ దగ్గరికొచ్చేసరికి మధ్యాహ్నం నమాజు వేళయింది. పక్కనున్న పెద్ద మసీదు నిండిపోయి, జనం రోడ్డు మీద కూడా వరసలు కట్టారు. మేము ఒక అరుగు పక్కన ఒదిగి నుంచున్నాం. అంతమంది ఒక్కసారి వంగి, ఒక్కసారి లేచారు. నాయనమ్మ నా మోచెయ్యి పట్టి లాగింది.

"చూడవే, సాళ్ళు ఎంత తిన్నగా పట్టారో! ఒక్కడు ముందుకు లేడు, ఒక్కడు వెనక లేడు. ఆఁ, అందుకా ఇయ్యాల సెలవు! మనకి ఆదివారం ఎట్లాగో వీళ్ళకి శుక్రవారం అట్లా." అలా అనుకున్నాక ఆమెకి మ్యూజియం మీద కోపం పోయింది. "దేవుడి పనికి మూశారు, సరేలే" అంది. ఆమె మొహంలోకి కళ రావడం చూసి నాకు ప్రాణం లేచొచ్చింది. ఇరానీ హోటల్లో ఇద్దరికొక టీ చొప్పున తాగాం. ఆ హోటలు బిర్యానీ ఒక పళ్ళెం తెప్పించుకుని తలా ముద్ద తిని, చప్పగా ఉందని కొంగుల్లో నుంచి ఎండుమిరపకాయలు తీసి నంజుకున్నాం. సర్వరు నోరెళ్ళబెట్టి చూశాడు.

పడుకోవడానికి షావుకారు గోడౌనే ఇచ్చాడు. ఇవ్వడానికి ఆయనకేం నష్టం లేదు. ఆ ఘాటులో హైదరాబాదు దొంగ కూడా కాలు పెట్టడు. మేము మాత్రం పుట్టింట్లో పడుకున్నట్టు నిద్రపోయాం.

తెల్లారాక అసలు చిక్కు వచ్చింది. డ్రైవరు తిరుగులోడు కింద ఖాళీ గోతాల కట్టలు ఎత్తించుకుని సిద్ధంగా ఉన్నాడు. "తొమ్మిదింటికి బయలుదేరదాం మామ్మా" అన్నాడు. మ్యూజియం తెరిచేది పదింటికి.

"గడియారం చూడకుండా నేను రాను" అంది నాయనమ్మ.

"గడియారం చూసేంత టైము లేదు మామ్మా! పొద్దుపోయాక అక్కడ దిగితే ఈ కట్టలు దింపుకోటానికి ఒక్క మనిషి దొరకడు. రేపు ఆదివారం. నా లారీ సోమవారం దాకా ఖాళీ అవదు."

"మనిషి దొరకడా?" నాయనమ్మ చుట్టూ చెయ్యి తిప్పి చూపించింది. "ఇంతమందిమి నీకు ఏమైనా గేదెల్లా కనపడుతున్నామా? మేం దింపుతాం. ఏ వేళకి చేరినా సరే, చివరి కట్ట దింపాకే ఇళ్ళకి పోతాం."

ముఠా అంతా తలలూపింది. డ్రైవరు ఆలోచించి, పన్నెండింటి దాకా ఆగుతానన్నాడు. పన్నెండు కొట్టగానే ఇంజను కదులుతుందని గట్టిగా చెప్పాడు.

పదింటికి టికెట్లు తీసుకుని లోపలికి వెళ్ళాం. అక్కడే మా పద్ధతి మా కొంప ముంచింది. తిన్నగా గడియారం దగ్గరికి పోతే పోయేది. కానీ గదిలోకి అడుగుపెట్టగానే వాళ్ళకి తెలియకుండానే తలా ఒక సాలు పట్టారు. గోడవార ఇద్దరు, అద్దాల బీరువాల వెంట ముగ్గురు, మధ్యలో ఇద్దరు. ఒక్క కత్తి, ఒక్క పింగాణీ పళ్ళెం వదలకుండా చూసుకుంటూ, ఆ చివర గోడ దగ్గర అందరూ కలిసేదాకా ఆగి, తర్వాత గదికి కదిలారు. ఒక రాతి బొమ్మ మొహం మీద రాతితోనే పల్చటి ముసుగు చెక్కారు. అది తడిగుడ్డా పొడిగుడ్డా అని అక్కడ పెద్ద వాదన నడిచింది. నాయనమ్మ కూడా వాదించింది. టికెట్టు కొన్నాక చూడకుండా వదలడం, పండుకాయ వదలడంతో సమానం ఆమెకి.

ఏదో గదిలో ఉండగా ఎక్కడో గంటలు వినపడ్డాయి. జనం "అయ్యో, పదకొండు అయిపోయింది" అనుకుంటూ పోతున్నారు. మేము పరిగెత్తి గడియారం దగ్గరికి వెళ్ళేసరికి చిన్న తలుపు మూసుకుని ఉంది. గడియారంలోనే ఒక మూల మాత్రం చిన్న కమ్మరి బొమ్మ సుత్తితో క్షణక్షణానికీ కొడుతూనే ఉంది. ఆగడం లేదు.

"వీడు మనవాడు" అంది నాయనమ్మ రొప్పుతూ. "పగలంతా కొట్టేది వీడు. గంటకోసారి వచ్చి పేరు కొట్టేసేది ఆ గడ్డపాయన."

మళ్ళీ ఆయన వచ్చేది పన్నెండింటికి. పన్నెండింటికి లారీ కదులుతుంది. మా మేనత్త ఒక్క నిమిషం కూడా ఆలోచించలేదు. "అమ్మా, నీ సాలు మిగిలింది. మేం ఎదురుసాలు పడతాం. నువ్వు, పిల్లా ఇక్కడ ఉండండి. లారీ ఎట్లా కదులుద్దో మేం చూసుకుంటాం" అంది. మిగతావాళ్ళు గడియారం వైపు ఒక్కసారి చూసి ఆమె వెనక నడిచారు. వాళ్ళకి కూడా చూడాలనే ఉంది. ఒక్కరూ ఆ మాట అనలేదు. తర్వాత తెలిసింది, వాళ్ళు తిన్నగా వెళ్ళి లారీ ముందు చక్రాలకి అడ్డంగా కూర్చుని సద్దిమూటలు ముందు పెట్టుకున్నారట. "పన్నెండయింది, లేవండమ్మా" అని డ్రైవరు అంటే, "పెద్దామె వచ్చి ప్రార్థన చెయ్యందే మేం తినం, తినందే లేవం" అన్నారట.

నేనూ నాయనమ్మా గడియారం ఎదురుగా నేల మీద ముందు వరసలో కూర్చున్నాం. పన్నెండు దగ్గరపడేసరికి మా వెనక జనం నిండిపోయారు. మా పక్కన కుళ్ళాయి పెట్టుకున్న ఒక పెద్దాయన మనవణ్ణి ఒళ్ళో కూర్చోబెట్టుకున్నాడు. నాయనమ్మ కళ్ళు ఆ చిన్న తలుపు మీదే ఉన్నాయి. రెప్ప వేస్తే ఎక్కడ జారిపోతాడో అన్నట్టు చూస్తోంది. నా చెయ్యి గట్టిగా పట్టుకుంది.

అందరూ ఒక్కసారి మాటలు ఆపేశారు. మా చర్చిలో ఆరాధనకి ముందు ఎలా ఉంటుందో అలా అయిపోయింది ఆ చోటంతా. తలుపు కదిలింది. 

ఠంగ్!

నాయనమ్మ చెయ్యి నా చేతిలోంచి జారిపోయింది. తిరిగి చూద్దును కదా, పమిట తల మీదకి వచ్చేసింది. కళ్ళు మూతపడ్డాయి. పెదాలు కదులుతున్నాయి. "తండ్రీ, తినబోయే ఈ అన్నాన్ని దీవించు..."

ఎదురుగా ఆయన వచ్చాడు. గడ్డం ఉంది, పాస్టరమ్మ చెప్పినట్టే. ఠంగ్, ఠంగ్ అని కొడుతున్నాడు. ఇటు నాయనమ్మ ప్రార్థన సాగుతోంది. నేను ఆయన్ని ఒకసారి, ఈమెని ఒకసారి చూస్తున్నాను. తట్టి లేపుదామని చెయ్యి ఎత్తాను. ప్రార్థనలో ఉన్న మనిషిని తాకితే ఏమవుతుందో నా చెవికి బాగా తెలుసు. చెయ్యి దగ్గరిదాకా వెళ్ళి ఆగిపోయింది. పక్కన పెద్దాయన ఆమెని చూసి, ఏమనుకున్నాడో, గోల చేయబోతున్న మనవడి నోటి మీద వేలు పెట్టాడు.

పన్నెండో దెబ్బ మోగింది. గడ్డపాయన లోపలికి వెళ్ళిపోయాడు. తలుపు మూసుకుంది.

"ఆమేన్" అంది నాయనమ్మ, కళ్ళు తెరిచింది.

తలుపుని చూసింది. నన్ను చూసింది. లేచిపోతున్న జనాన్ని చూసింది. ఏం జరిగిందో ఆమె మొహంలోకి మెల్లగా దిగింది. తల మీది పమిటని చేత్తో తడుముకుంది, అది అక్కడికి ఎలా వచ్చిందో తెలియనట్టు.

"వచ్చి పోయాడా?" అంది.

"పోయాడు నాయనమ్మా."

పక్కన పెద్దాయన జాలిపడ్డాడు. "ఒంటిగంటకు మల్ల వస్తడమ్మా. జర సేపు కూసోండ్రి" అన్నాడు.

"ఆయన వస్తాడు నాయనా, మా లారీ రాదు" అంది నాయనమ్మ. నా భుజం పట్టుకుని లేచింది. మోకాళ్ళు అప్పుడు గుర్తొచ్చాయి కాబోలు, "అబ్బా" అంది. వెళుతూ వెళుతూ మూలనున్న కమ్మరి వైపు ఒకసారి చూసి, "వస్తానురా" అని చెప్పింది. వంతెన దాటేదాకా నా భుజం వదలలేదు.

లారీ ముందు ముఠా అలాగే కూర్చుని ఉంది. సద్దిమూటలు ముందే ఉన్నాయి, ఒక్క ముడి కూడా ఎవరూ విప్పలేదు. డ్రైవరు పక్కన నుంచుని తల పట్టుకున్నాడు. మమ్మల్ని చూడగానే మా మేనత్త లేచి ఎదురొచ్చింది.

"చూశావా అమ్మా? వచ్చాడా? కొట్టాడా?"

నాయనమ్మ అందరి మొహాలూ చూసింది. ఆకలితో ఉన్నారు, ఆశతో ఉన్నారు. అబద్ధం చెబితే ఒక్కరికీ తెలిసేది కాదు. నేనైతే చెప్పేసేదాన్ని.

"ముందు తినండే. ప్రార్థన నేను అక్కడే చేసొచ్చాను" అంది.

ఒక్క క్షణం ఎవరికీ అర్థం కాలేదు. ముందు మా మేనత్తకి అర్థమైంది. పన్నెండు గంటలు, గంట, నాయనమ్మ. నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది కానీ ఆగలేదు. ఆమె నవ్వు చూసి రెండోవాళ్ళకి, రెండోవాళ్ళని చూసి మిగతావాళ్ళకి అర్థమైంది. బేగంబజారు హమాలీలు పని ఆపి చూసేలా నవ్వారు. నాయనమ్మ మొదట గుర్రుగా చూసింది. "ఏం, ప్రార్థన తప్పా? మీరుంటే మీ కళ్ళు తెరుచుకుని ఉండేవా?" అంది. ఎవరి కళ్ళూ తెరుచుకుని ఉండేవి కావని అందరికీ తెలుసు. అది తలుచుకుని మళ్ళీ నవ్వారు. చివరికి ఆమెకి కూడా నవ్వొచ్చింది. కళ్ళ నీళ్ళు వచ్చేదాకా నవ్వింది. అందులో ఎన్ని నవ్వు నీళ్ళో నేను అడగలేదు.

లారీ కదిలింది. గోతాల కట్టల మీద మెత్తగా ఉంది, తుమ్ములు లేవు. తిన్నారు, కొందరు కునికారు. ఊరు దాటి రోడ్డుకి రెండు పక్కలా బండలు, సీతాఫలం పొదలు మొదలయ్యాక నాయనమ్మ నా పక్కకి జరిగింది.

"ఏమే, నువ్వు కళ్ళు తెరిచే ఉన్నావుగా?"

చెవి మీద చెయ్యి పెట్టుకున్నాను. "ఉన్నా."

"మంచిపని చేశావు. పుట్టినకాడి నుంచి ఉన్న ఆ పాడు అలవాటు ఇయ్యాలే పనికొచ్చింది." నా చేతిని చెవి మీది నుంచి తీసేసి తన ఒళ్ళో పెట్టుకుంది. "దెబ్బలన్నీ నేను లెక్కబెట్టా, పన్నెండు. ఒకటి ఎక్కువ లేదు, తక్కువ లేదు. నిజాయితీపరుడే. ఆ మిగతాది నీ సాలు. వాడు ఎట్లా వచ్చాడో మొదటి నుంచి చెప్పు."

ముఠా అంతా లేచి దగ్గరికి జరిగారు. వాళ్ళు కూడా చూడలేదు కదా. నేను గొంతు సవరించుకుని, "ముందు తలుపు కొంచెం కదిలింది..." అన్నాను. నాయనమ్మ పమిట తల మీదకి లాక్కుని కళ్ళు మూసుకుంది.

"మెల్లగా చెప్పవే" అంది. "తొందరేం లేదు. సత్తెనపల్లి దాకా ఉందిగా."